మార్త పిడికిలి

తొమ్మిదో రోజు కూడా మార్త కుడిచేతి పిడికిలి విచ్చుకోలేదు. ఆ పొద్దున్నే బంట్వారం నుంచి శంకరమ్మ ఎడ్లబండి కట్టించుకొని వచ్చి, తాండూరులో వియ్యంకుల వాకిట దిగింది.

"నా బిడ్డను తోల్కపోనీకి వచ్చిన వదినా," అంది, కాళ్లయినా కడుక్కోకుండా. "తొలికాన్పు తల్లిగారింట్లనే గావాలె. ఏడో నెలల అడిగితే నువ్వేమన్నవు? జర యాది చేస్కో."

మార్తకు యాదికి ఉంది. "నాలుగొందల మంది పిల్లలు నా చేతుల మీద భూమ్మీద పడ్డరు. నా కొడుకు బిడ్డ గొర్ల దొడ్డి పక్కన పడాల్నా?" అంది ఆనాడు. నలుగురిలో అంది. శంకరమ్మ ఆ మాటకు అప్పుడు బదులు చెప్పలేదు. గొర్లకాపరుల ఇంటి ఆడది మాట పడి ఊరుకోదని, రెండు నెలలు ఆగైనా వస్తుందని మార్త అనుకోలేదు.

"పది కోసుల తొవ్వ. నెలలు నిండిన పిల్ల. బండి కుదుపులకు బాటల్నే కంటది," అంది మార్త.

"బాటల కంటె నేనున్న. నా చేతులు రెండు మంచిగనే ఉన్నయి."

మార్త కొడుకు కిష్టప్ప రైల్వే పనికి వెళ్లబోతూ, చేతిలో సద్దిమూటతో అలాగే నిలబడిపోయాడు.

మార్త తన చేతిని కొంగు కింద దాచుకోలేదు. దాచుకోవడం ఆమెకు రాదు. వికారాబాదు ఆస్పత్రిలో రెండేళ్లు పని నేర్చుకొని వచ్చిన నాటి నుంచి, ఇరవై ఏళ్లుగా, కాన్పు కష్టమైన ప్రతి ఇంటికీ ఆ చేతినే నమ్ముకొని తల ఎత్తుకొని వెళ్లింది. దొరల గడీలోకి ముందు గుమ్మం గుండా నడిచి వెళ్లిన మొదటి కూలోళ్ల ఆడది తానేనని ఆమెకు తెలుసు, ఊరికీ తెలుసు. ఆ చెయ్యి ఇప్పుడు బిగుసుకుపోయింది. గోళ్లు అరచేతిలో దిగకుండా భర్త హన్మయ్య పెట్టిన మెత్తటి గుడ్డపేలికను పట్టుకొని ఉంది. వేడినీళ్లకు లొంగలేదు, నూనెకు లొంగలేదు. హన్మయ్య బండలు కొట్టే మనిషి. అతని బలానికీ లొంగలేదు.

"అవ్వా, ఎంకి వాళ్ల అవ్వ అడిగింది గదా…" అన్నాడు కిష్టప్ప మెల్లగా.

"నీ పెండ్లాన్ని నువ్వు పంపుతవా? పంపు. నడిబాటల ఏమన్నయితే నా మొఖం సూడకు."

అప్పుడు కోడలు ఎంకమ్మ తలుపు పట్టుకొని బయటికి వచ్చింది. ఇరవై ఏళ్ల పిల్ల. నిండు కడుపు. కండ్ల కింద నిద్రలేని నలుపు.

"నేను పోతనే అత్తా. నన్ను ఎవ్వరు పంపాల్సిన పని లేదు."

"ఎందుకు పోతవు బిడ్డా?"

"నీ చెయ్యికి నేనంటె ఇష్టం లేదు."

కిష్టప్ప "ఎంకీ!" అని గద్దించాడు. మార్త అతని వైపు చూడకుండానే ఎడమచెయ్యి అడ్డం పెట్టింది. "అననియ్యి దాన్ని."

"తొమ్మిదొద్దుల కింద నా కడుపు మీద చెయ్యేసి సూసినవు. తల కిందికి మళ్లింది, ఫికర్ లేదన్నవు. చెయ్యి తీసినవు, గప్పుడే మూసుకుంది. మల్ల తెర్వలె." ఎంకమ్మ గొంతు వణకలేదు. "బిడ్డా బిడ్డా అంటవు. మీ దేవుణ్ని మొక్కుమని ఒక్కనాడు బలవంతం చెయ్యలె. నీ నోరు మంచిదే అత్తా. నీ చెయ్యి అబద్ధమాడలేకపాయె."

"నీ మీద కోపముంటె నీ మొఖం మీదనే అంటుంటి. దాపెట్టే మనిషిని కాను నేను."

"నీకు ఎరుక లేకుంటనె ఉన్నదేమో."

ఆ మాటకు మార్త ముఖం పాలిపోయింది. ఇంట్లోకి వెళ్లిపోయింది. ఆమె జవాబు చెప్పకుండా ఒక జగడం వదిలేయడం ఆ వీధిలో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఆ మాట ఆమె మొన్ననే ఒకసారి విని వచ్చింది.

మంగళవారం పొద్దటి రైలుకు హన్మయ్య ఆమెను వికారాబాదు తీసుకుపోయాడు. ఆస్పత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ కృష్ణా జిల్లా మనిషి, మార్తకు కూతురంత వయసు. సూదితో గుచ్చి చూసింది, మోచెయ్యి తట్టి చూసింది, మెడ దాకా తడిమి చూసింది. కాసేపు వరండాలో కూర్చోమంది. ఎండ, ప్రయాణం బడలిక. మార్తకు బల్ల మీదే కునుకు పట్టింది.

కళ్లు తెరిచేసరికి డాక్టరమ్మ ఎదురుగా నిలబడి ఉంది. పక్కన హన్మయ్య. గుడ్డపేలిక నేల మీద పడి ఉంది. పిడికిలి మాత్రం మూసుకొనే ఉంది.

"మార్తమ్మా, నువ్వు నిద్రపోతుంటే నీ చెయ్యి తెరుచుకుంది. ఒళ్లో అయిదు వేళ్లూ చాపుకుని ఉంది. మీ ఆయన కూడా చూశాడు. నువ్వు మేలుకోగానే మళ్లీ ముడుచుకుంది. ఎముకకి జబ్బు లేదు, నరానికీ లేదు."

"అంటె నేను దొంగేషాలేస్తున్ననా అమ్మా?"

"లేదు. వేషం వేసేవాళ్లకి వేస్తున్నట్టు తెలుస్తుంది. నీకు తెలియదు." డాక్టరమ్మ బల్ల మీద ఆమె పక్కనే కూర్చుంది. "మన మనసులో మనకి తెలిసింది కొంతే. తెలియనిది కూడా మన చేత పనులు చేయిస్తుంది. చేయించి, దానికి వేరే కారణం మన నోటితో చెప్పిస్తుంది. ఆ కారణం నిజమనే మనమూ నమ్ముతాం. నీలో ఏదో ఈ కాన్పుకి వెళ్లొద్దంటోంది. అదేమిటో నిన్నే అడగాలి. కానీ నీకూ తెలియదు."

మార్త లేచి నిలబడింది. "నా మనసు నాకు ఎరుక లేదంటె, నేనెవ్వర్ని?" అని అడిగింది. డాక్టరమ్మ దగ్గర దానికి మందు లేదు.

తిరుగు రైల్లో ఇల్లు చేరారు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అక్షరం ముక్క రాని కోడలు, గొర్ల వెంట పెరిగిన పిల్ల, వాకిట్లో నిలబడి అదే మాట అనేసింది.

మార్త పొయ్యి ముందు కూర్చొని ఉంటే హన్మయ్య లోపలికి వచ్చాడు. వాకిట్లో ఎంకమ్మ బట్టలు మూట కడుతున్న అలికిడి. హన్మయ్య తక్కువ మాటల మనిషి.

"రాహేలమ్మ గురించి మాట్లాడాలె," అన్నాడు.

ఆ పేరు ఆ ఇంట్లో పలికి పదకొండేళ్లయింది. రాహేలమ్మ వాళ్ల పెద్దకూతురు. నవాబుపేటకు ఇచ్చారు. పోలీసు యాక్షను అయిన రెండో ఏడు, తొలికాన్పులో పోయింది. ఎవరడిగినా మార్త ఒకే తీరుగా చెబుతుంది: కబురు అందింది, రైలు ఆలస్యమైంది, పోయేసరికి అంతా అయిపోయింది, ప్రభువు తీసుకున్నాడు. మూడో రోజునే తాండూరులో ఇంకొకరి కాన్పుకు వెళ్లింది. ఏం గుండె అని ఊరు ఊరంతా చెప్పుకుంది.

"దాని పేరెందుకు ఇప్పుడు?"

"రైలు ఆలస్యం గాలె మార్తా."

"ఏంది?"

"మనం ముందటి దినమే పోయినం. తెల్లారినకాంచి పొద్దుగూకేదాక కాన్పు నువ్వే చేసినవు. నేను గడప అవుతల కూసోని నీ గొంతు ఇన్న."

"అబద్ధం!" మార్త గొంతుకు పొయ్యి మీద గిన్నె మోగినట్టయింది. "నాకు రైలు కండ్లకు కనబడుతుంది. ఇంజను పొగ కనబడుతుంది. స్టేషన్ల కూసోని ఏడ్సిన."

"ఏ స్టేషను?"

మార్త నోరు తెరిచింది. తాండూరు అనబోయింది. వికారాబాదు అనబోయింది. రెండు పేర్లూ సరిగ్గా అతకలేదు.

"అంత అయినంక నేను లోపలికి వచ్చిన," అన్నాడు హన్మయ్య. అతని కళ్లు నేల బండల మీదే ఉన్నాయి. "నువ్వు దాని కొంగు గీ కుడిచేత్ల పట్టుకోని ఉన్నవు. ఇడుస్తలేవు. ఒక్కొక్క వేలు నేనే ఇప్పిన. బయిటికి వచ్చి అందరి ముందల నువ్వన్న మొదటి మాట, రైలు ఆలస్యమాయెనని. అక్కడున్నోళ్లంత నన్ను సూసిండ్రు. నేను ఔనన్న."

"పదకొండేండ్లు నన్ను పిచ్చిదాన్ని చేసినవు."

"నీకు గా రైలు గావాల్సి ఉండె. అది లేకుంటె మల్ల ఇంకొక ఇంటికి కాన్పుకు పోకపోతుంటివి. గన్ని మంది తల్లులు బతుకకపోతుండ్రి. నీ చేతులనుంచి నేనెట్ల గుంజుకోవాలె?" అతను గొంతు సవరించుకున్నాడు. "ఇంకొకటి గూడ ఉంది మార్తా…"

"సాలు. ఇంకొక్క మాట అనకు."

ఆమె కళ్లు మూసుకొని వెతికింది. నవాబుపేట ఇల్లు, గడప, కూతురి ముఖం. ఏదీ రాలేదు. రైలే వచ్చింది, మునుపటి కంటే తేటగా.

బయట ఎంకమ్మ కేక వేసింది.

మార్త పరుగున వచ్చేసరికి ఎంకమ్మ బండి చక్రం పట్టుకొని వంగి ఉంది. కాళ్ల కింద ఉమ్మనీరు. శంకరమ్మ బిడ్డ నడుం పట్టుకొని బిత్తరపోయి చూస్తోంది.

"బండి ఇప్పుండ్రి," అంది మార్త. కాన్పుల దగ్గర పలికే ఆ గొంతు తొమ్మిది రోజుల నుంచి ఆ ఇంట్లో వినబడలేదు. "కిష్టప్పా, నీళ్లు మరిగించు. బ్లేడు, దారం గా నీళ్లల్లనే ఎయ్యి. శంకరమ్మ వదినా, నువ్వు నా తానికి రా."

శంకరమ్మ కదలలేదు.

"నా మాట ఇను వదినా. నాకు చెయ్యి లేదు. నా లోపల ఏమున్నదో నాకు ఎరుక లేదు. నీ బిడ్డ అన్నది నిజం కావొచ్చు. కిష్టప్పకు మా మతం పిల్లనే తేవాల్నని నేను కోరుకున్న, గది దాపెట్ట. ఇంకొకటి నిజం కావొచ్చు. రెండు కావొచ్చు. నా కండ్లు మంచిగున్నయి, నా నోరు మంచిగుంది. నీ చేతులు నాకియ్యి."

ఏడో నెలలో అవమానపడి వెళ్లిన మనిషి ఆమెను కింది నుంచి మీదికి చూసింది. "మూడొందల గొర్లకు పురుడు పోసిన. మనిషికి పోయలె," అంది.

"గొర్రెకు పోసిన చెయ్యి భయపడది. కడియాలు తియ్యి."

"పెండ్లయినకాంచి తియ్యలె."

"సబ్బు పెట్టి తియ్యి. గోర్లు కోసుకో. మోచేతుల దాక కడుగు, మల్ల కడుగు."

శంకరమ్మ వెండి కడియాలు చర్మం గీరుకుపోతుంటే లాగి తీసింది. మార్త అలవాటు చొప్పున తన రెండు చేతులు కూడా కడుక్కుంది. పేలిక తీయించి, పిడికిలిని పిడికిలిగానే సబ్బుతో రుద్దింది.

లోపల ఎంకమ్మ పళ్లు బిగించి అంది, "నీ చెయ్యి నన్ను ముట్టొద్దు అత్తా."

"ముట్టది. నా మాట ముడుతది. ఇప్పుడే బలం పెట్టి ముక్కకు. నొప్పి రానియ్యి, గప్పుడు ముక్కు."

పొద్దు నడినెత్తికి వచ్చింది, పడమటికి వాలింది. మార్త చెబుతూనే ఉంది, శంకరమ్మ చేస్తూనే ఉంది. ఎక్కడ అదమాలో, ఎక్కడ ఊరుకోవాలో, ఎప్పుడు నీళ్లు తాగించాలో. ఒకటి రెండుసార్లు శంకరమ్మ చెప్పకముందే సరిగ్గా చేసింది. మార్త గమనించి ఊరుకోలేదు. "శాబాష్ వదినా," అంది. ఆ మాటతో శంకరమ్మ భుజాలు కొంచెం వెడల్పయ్యాయి.

తల బయటికి వచ్చింది. మెడకు బొడ్డుపేగు రెండు చుట్లు, బిగుతుగా ఉంది.

"మెల్లగ. ముక్కకు బిడ్డా, ఊపిరి ఇడువు. వదినా, పేగు కింది నుంచి ఏలు పెట్టి తల మీదికెళ్లి దాటియ్యి."

"పోతలేదు." శంకరమ్మ వేళ్లు గొర్లు పట్టి, గొంగళ్లు నేసి మొద్దుబారిన వేళ్లు. "వదినా, ఏలు పోతలేదు! పిల్లగాని మొఖం నీలమైతుంది!"

ఆ తరవాత ఏం జరిగిందో మార్త ఎంత వెతికినా వరుస దొరకదు. శంకరమ్మ చూసింది. మార్త మోకాళ్ల మీద ముందుకు జరిగింది. సన్నని చూపుడువేలు పేగుకూ మెడకూ నడుమ దూరింది, ఎత్తింది, ఒక చుట్టు దాటించింది, రెండో చుట్టు దాటించింది. భుజం తిప్పింది. బిడ్డ జారి శంకరమ్మ చేతుల్లో పడ్డాడు. మార్త వాణ్ని కాళ్లు పట్టి ఎత్తి, వీపు మీద రెండు చరుపులు చరిచింది. వాడు ఏడ్చాడు.

ఆ ఏడుపు వాకిట్లోకి వినబడ్డాక మార్త తన చేతిని చూసుకుంది. అయిదు వేళ్లు. తడిగా, విడివిడిగా.

"ఇది ఎప్పుడు తెర్సుకుంది వదినా?"

"నన్నడుగుతవేంది? చెయ్యి నీది!"

బొడ్డు కోసి, మాయ పడ్డాక, తుడిచి చుట్టిన పిల్లవాణ్ని పక్కన పడుకోబెట్టారు. ఎంకమ్మ అత్తవైపు తల తిప్పింది.

"అత్తా. నీ చెయ్యి నన్ను ఒప్పుకున్నట్టేనా?"

ఔనంటే సరిపోతుంది. శంకరమ్మ అదే కోరుకుంటూ చూస్తోంది. గుమ్మం బయట కిష్టప్ప చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఎరుక లేదు బిడ్డా," అంది మార్త. "ఒప్పుకుందని నా నోరు అంటది. గా నోటినే నమ్మి ఇన్నేండ్లు బతికిన. ఇయ్యాల దాని మీద నాకే నమ్మిక లేదు. లోపల ఏమున్నా సరే, నేను నీ తాననే ఉంట. గంత వరకు చెప్పగల్గుత."

ఎంకమ్మ పిల్లవాడి గుడ్డ సర్దింది. "నా కోపం గూడ ఇంక పోలె," అంది. "పోయిననాడు చెప్త."

"చెప్పు. దాపెట్టకు." మార్త నవ్వింది. అబద్ధపు తీపి కోసం చెయ్యి చాపని ఆ పిల్లను చూస్తుంటే, ఎందుకో, తన ఇంటి మనిషి అనిపించింది. ఈ పొగరు ఈ ఇంటిదే అనుకుంది.

ఎండ తగ్గాక ఆమె వాకిట్లోకి వచ్చి హన్మయ్య పక్కన అరుగు మీద కూర్చుంది. అతను ఆమె చేతిని చూశాడు. తన చేతిలోకి తీసుకోలేదు. తీసుకుంటే మళ్లీ మూసుకుంటుందేమోనని భయపడ్డట్టున్నాడు.

"పొద్దున ఇంకొకటి ఉందన్నవు. ఇప్పుడు చెప్పు."

"నవాబుపేట పిల్ల," అన్నాడు హన్మయ్య.

రాహేలమ్మ పోయింది గాని, ఆనాడు పుట్టిన ఆడపిల్ల దక్కింది. నాయనమ్మ దగ్గర పెరుగుతోంది. ఆ సంగతి మార్తకు తెలియక కాదు. ప్రతి క్రిస్మసుకు బట్టలు కుట్టించి పంపుతుంది. అందరికీ గొప్పగా చెబుతుంది, నా మనుమరాలు బడికి పోతుందని. ఇంతవరకు దాని ముఖం చూడలేదు.

"పోదామనే బయలెల్లిన గదా. ఒకనాడు బండల గనివాళ్ల కోడలికి నొప్పులు వచ్చె. ఒకనాడు కాలు మడతపడె. ఒకనాడు వికారాబాదుల దిగినంక, మందులపెట్టె మర్సిన్నని యాదికొస్తె ఎనకకు వస్తి." చెబుతూ చెబుతూ ఆమె గొంతు నెమ్మదించింది. "గవన్ని నిజంగనే జరిగినయి."

"జరిగినయి. ఎనిమిదిసార్లు."

మార్త వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. పని మానని మనిషినని, కాన్పు పిలుపు వస్తే సొంత మనుమరాలిని కూడా పక్కన పెట్టే మనిషినని ఇన్నాళ్లు లోలోపల గర్వపడింది. ఆ ఎనిమిది ప్రయాణాలను ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూస్తే అది వేరే మనిషి చేసిన పనిలా ఉంది. ఆ మనిషితో తనకు పరిచయం లేదు.

"రేపు పొద్దటి రైలుకు పోదాం," అంది.

హన్మయ్య నేల వైపు చూశాడు.

"నమ్ముతలేవు."

"ఇప్పుడన్నది నమ్ముత. రేపు పొద్దుగాల్ల నువ్వేమంటవో…"

"గదే నేను చెప్పేది. రేపు నాకు కాలు నొస్తది. నిజంగనే నొస్తది. లేకుంటె పసిగుడ్డును ఇడిసి ఎట్ల పోవాల్నంట. మస్తు మంచి మాటలు చెప్త, నువ్వు తలకాయ ఊపేటట్టు చెప్త. ఇనకు. నన్ను రెక్క పట్టుకోని రైలెక్కియ్యి."

హన్మయ్య తల ఎత్తి ఆమెను చూశాడు. ముప్పై ఏళ్ల సంసారంలో, నా మాట వినకు అని ఆమె అడగడం అతను ఇదే మొదటిసారి విన్నాడు. మాటిచ్చేందుకు నోరు తెరిచాడు.

లోపలి నుంచి శంకరమ్మ పిలిచింది. "వదినా! జర రా. పిల్లగాడు పాలు పడ్తలేడు. ఒళ్లు చల్లబడ్డట్టుంది."

మార్త అప్పటికే లేచింది. నాలుగు అడుగులు వేసి గడప మీద ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు.

"హన్మయ్యా," అంది. భర్తను పేరు పెట్టి పిలిచే అలవాటు ఆమెకు లేదు. "పిల్లగాని కోసమే పోతున్ననా నేను? లేకుంటె రేపటి పయనం ఆపనీకి పోతున్ననా?"

హన్మయ్య అరుగు మీద నుంచి లేచాడు. లోపల పసివాడి ఏడుపు సన్నగా మొదలై, మధ్యలో ఆగిపోయింది.